తొమ్మిదో నంబరు వేసుకున్నవాడి పేరు

అధ్యక్ష స్థానంలో ఉన్న మా ఫోర్‌మన్, మా జట్టు మేనేజరు, కడప పెద్దమనిషి నూర్ మొహమ్మద్ గారికి. వారి పక్కన కూర్చుని, ఒక్క తెలుగు ముక్క అర్థం కాకపోయినా పెళ్లికొడుకు తండ్రిలాగా అందరికీ తల ఊపుతున్న మా ముదీర్, అంటే కంపెనీ పెద్ద మేనేజరు గారికి (నవ్వులు). బల్లలన్నీ గోడకు జరిపి ఈ మెస్సును సభగా మార్చి, ఇప్పుడు దమ్ము మీద ఉన్న డేగిసాను వదల్లేక, నా మాట వినకుండా ఉండలేక గుమ్మంలో నిలబడ్డ వంటమేస్త్రీ ఏసుబాబుకు. డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చిన అన్నలకు, సోనాపూర్ క్యాంపు నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చినవాళ్లకు, రువైస్ నుంచి ఇంత దూరం ఎండలో వచ్చిన ఆ నలుగురికి. ఆట చాలించి రేపు ఇంటికి పోతూ, మెడలో దండ గుచ్చుకుంటున్నా తీయకుండా కూర్చున్న మా ఆరడుగుల నాలుగంగుళాల అమీర్ జాన్ అన్నకు నమస్కారం, సలాం.

నన్ను మీకు పరిచయం చేసుకోనక్కరలేదు గానీ రువైస్ వాళ్లకు తెలియదు కాబట్టి చెబుతాను. నా పేరు దయాకర్. పొద్దున సైటు గేటు దగ్గర మీ హాజరు రాసే టైంకీపర్‌ను, మ్యాచ్ ఉన్న సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాసేవాడిని కూడా నేనే. దొరికిన ప్రతి కరపత్రమూ చదువుతాను, చదివినదంతా మీ అన్నం పళ్లేల ముందు అరుస్తాను, అందుకని ఈ క్యాంపులో నన్ను కరపత్రం అంటారు. (నవ్వులు) ఇందాక నూర్ భాయ్ నన్ను నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకుపోయి గడ్డం పట్టుకుని మరీ చెప్పారు: "ఒరే దయాకర్, ఈ పొద్దు కరపత్రం వద్దు నాయనా. దండ, శాలువా, బిర్యానీ. ఐదు నిమిషాలు. మంచి మాటలు చెప్పి దిగిపో." సరేనన్నాను. ఆ మాట తప్పుతున్నాను భాయ్, క్షమించాలి.

నా చొక్కా జేబులో ఒక కాగితం ఉంది. దాని కింద రెండు సంతకాలు పడాలి. ఒకటి ఈ పొద్దున పడింది, రెండోది ఇంకా పడలేదు. రెండూ పడితే జగిత్యాల దగ్గర ఒక పల్లెలో గౌరవ్వ అనే ఆమె, తన పెనిమిటి ఎట్లా చనిపోయాడో నలుగురిలో తల ఎత్తి చెప్పుకోగలుగుతుంది. పడకపోతే మనం బిర్యానీ తిని చేతులు కడుక్కుంటాం. సంగతి అంతే. కానీ వచ్చింది అమీర్ జాన్ ఆట గురించి చెప్పడానికి కాబట్టి ఆటతోనే మొదలుపెడతాను, కాగితం తన దారిన తానే వస్తుంది.

నెల్లూరులో సిమెంటు కోర్టు మీద చెప్పుల్లేకుండా బాస్కెట్‌బాల్ ఆడి, రాష్ట్ర జట్టుకు ఆడి, అక్కడ ఆటకు తిండి లేదని తెలుసుకుని, 2020 జనవరిలో షార్జాలో ఒక క్లబ్బు పిలిస్తే ఆటగాడిగా రాతకోతలు చేసుకుని ఈ దేశంలో దిగినవాడు ఈయన. బంతి ఆడటమే ఉద్యోగం అని కాగితం మీద రాసి ఉన్న తెలుగువాడిని నేను ఈయన్నొక్కడినే చూశాను. ఆ ఉద్యోగం రెండు నెలలు. మార్చిలో కరోనా వచ్చింది, హాలుకు తాళం పడింది, క్లబ్బు ఖలాస్, కోచ్ ఫోను ఎత్తలేదు. రాష్ట్ర జట్టు ఆటగాడు పదకొండు మంది ఉన్న గదిలో, నేల మీద, కాళ్లు చాపితే తలుపు పడని చోట నాలుగు నెలలు పడుకుని, చివరికి మనుషులను సరఫరా చేసే ఒక కంపెనీ చేతిలో పడి, చువ్వలు మోసే హెల్పరుగా మన సైటుకు వచ్చాడు. గేటు దగ్గర పేరు రాసుకున్నది నేనే. "ముందు ఏం పని చేసేవాడివి?" అని అడిగితే, "బంతి ఆడేవాణ్ణబ్బా" అన్నాడు. వెటకారం చేస్తున్నాడనుకుని కోపంతో రెండు గంటలు గేటు బయటే నిలబెట్టాను. (నవ్వులు) నవ్వండి. ఎండలో నిలబెట్టాను.

ఆయన చేతిలో ఏముందో ముందు చూసినవాడు మాత్రం ఆశన్న. చువ్వలు కట్టే పనివాడు, జగిత్యాల వైపువాడు, ఐదడుగుల మూడంగుళాలు ఉంటాడేమో, మీలో పాతవాళ్లందరికీ తెలుసు. పని దిగాక అమీర్ జాన్ చెమటకు తడిసిన గ్లవుజులు ఉండచుట్టి, ఎక్కడో నలభై అడుగుల దూరంలో ఉన్న చెత్త డ్రమ్ములో వేస్తుంటే, ఆశన్న మూడు రోజులు ఏమీ అనకుండా చూశాడు. నాలుగో రోజు మిగిలిన చువ్వ ముక్కను వంచి గుండ్రంగా రింగు చేసి, ఈ మెస్సు వెనక గోడకు బిగించి, "అన్నా, డ్రమ్ముల ఎందుకేస్తవు, గిండ్ల ఎయ్యి" అన్నాడు. ఆ రింగు ఇప్పటికీ ఉంది. దాని కింద తడి బట్టలు ఆరేసుకుంటున్నారు మీరంతా.

కంపెనీల లీగ్‌లో మన జట్టు అప్పటికి మూడేళ్లుగా అట్టడుగున ఉంది. నూర్ భాయ్ ఆ గోడ దగ్గర ఒక సాయంత్రం ఆగి చూసి, మరునాడే జట్టులోకి రమ్మన్నారు. కానీ లీగ్ నియమం ఒకటుంది: కంపెనీ సొంత మనిషే ఆడాలి, సరఫరా కంపెనీ మనిషి ఆడకూడదు. ఆడకపోతే అమీర్ జాన్ ఎప్పటికీ చువ్వలే మోయాలి. నూర్ భాయ్ చేసింది జాలితో చేసిన పని, అది నేను ఒప్పుకుంటాను. కంపెనీ సొంత మనిషి అయిన ఆశన్న గుర్తింపు కార్డు మీద అమీర్ జాన్‌ను ఆడించారు. చొక్కా నంబరు తొమ్మిది, పేరు ఆశన్న. బల్ల దగ్గర కార్డు చూసి ముఖం చూసి టిక్కు పెట్టాల్సింది నేను. టిక్కు పెట్టాను. కార్డు మీద ఎత్తు రాసి ఉండదు కదా! (నవ్వులు)

ఆశన్న మాత్రం ఆ కార్డు ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. మ్యాచ్ ఉన్న రోజు తలకు నూనె రాసుకుని, మెడలో కార్డు వేసుకుని, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వచ్చేవాడు. కోర్టులో అమీర్ జాన్ బుట్ట వేయగానే లౌడ్‌స్పీకరులో "నంబర్ నైన్, ఆశన్నా!" అని కేక పడేది, గ్యాలరీలో ఈ ఐదడుగుల మనిషి లేచి నిలబడి నాలుగు దిక్కులకూ దండం పెట్టేవాడు. (నవ్వులు, చప్పట్లు) పక్కవాళ్లు "కూచోవయ్యా, నువ్వేం ఏసినవ్" అంటే, "పేరు నాదే గదా, సగం నేనేసినట్టే. గాయిన ఉత్త పొడుగే" అనేవాడు. అమీర్ జాన్ కూడా తక్కువవాడు కాదు. ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి, అరిచేత్తో బూటు అడుగు తుడుచుకుని, రింగును చూడాల్సినవాడు గ్యాలరీ వైపు చూసి "ఏం ఆశన్నా, వేద్దామా?" అని గట్టిగా అడిగి వేసేవాడు.

ఆ ఆటను వర్ణించమంటే నా కరపత్రాల భాషలో మాట దొరకదు. ఎక్కువ ఎగిరేవాడు కాదు. ఎదుటివాడు ఎగిరి, దిగుతుండగా, ఏమీ తొందర లేనట్టు మణికట్టు ఇట్లా వంచేవాడు. తాను వేయగలిగిన బుట్టను కూడా ఆ రోజంతా ఒక్కటీ వేయలేక తల వంచుకున్న కుర్రాడి చేతికి అందించేవాడు. 2021లో లీగ్ ఉత్తమ ఆటగాడు, 2022లో మళ్లీ ఉత్తమ ఆటగాడు. ఆ తర్వాత కంపెనీ ఆయనకు సొంత వీసా ఇచ్చి, చువ్వలు మానిపించి, ఆటకే జీతం ఇచ్చి, సొంత పేరుతో మూడేళ్లు ఆడించింది. అబుదాబి నుంచి రస్ అల్ ఖైమా దాకా ఏ క్యాంపుకు వెళ్లినా ఫోటో దిగడానికి జనం వరుస కట్టారు. మోకాలు రెండుసార్లు పోయింది. అయినా ఆడాడు. ఇవన్నీ మీకు తెలుసు. కానీ మొదటి రెండేళ్ల బిరుదుల మీద, ఇదిగో ఈ బల్ల మీద పెట్టిన రెండు కప్పుల మీద, ఎవరి పేరు చెక్కి ఉందో లేచి వచ్చి చదవండి. ఆశన్న అని ఉంటుంది.

ఇక ఆ రోజు చెబుతాను. ఏసుబాబూ, మంట కట్టేసి రా. బిర్యానీకి ఏమీ కాదు.

2022 జులై. సాయంత్రం ఆరు గంటలకు సెమీఫైనల్. మ్యాచ్ రోజు హాజరు పుస్తకంలో ఆశన్న పేరుకు ఎదురుగా మధ్యాహ్నం నుంచి 'ఆటల డ్యూటీ' అని రాయడం నాకు అలవాటు, ఎందుకంటే కాగితం మీద ఆడేది ఆయనే. ఆ రోజూ రాశాను. రాశాక సైటు ఇంజినీరు వచ్చి, స్లాబు ఆగకూడదు, మనుషులు తక్కువ, ఎవ్వరూ కదలడానికి వీల్లేదన్నాడు. ఆశన్న అప్పటికే నూనె రాసుకుని ఉన్నాడు. మెడలోంచి కార్డు తీసి, మొట్టమొదటిసారి, నా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, గిది నువ్వు తీస్కపో. స్లాబు గాంగనే నేనొస్త. మొదటి బుట్ట నేనొచ్చినంకనే ఎయ్యమను అమీరన్నను."

"అట్ల ఆగుతరా అన్నా ఆటల?" అన్నాను.

"నా పేరు మీద ఆడుతుండు గదా, ఆగుతడు తియ్యి" అన్నాడు.

నేను రాసిన రాత కొట్టేయలేదు. బస్సు హారన్ కొడుతోంది, తొందరలో ఉన్నాను. పుస్తకంలో ఆశన్న ఆటకు పోయాడు. ఒళ్లు మాత్రం స్లాబు మీద ఉంది. మధ్యాహ్నం ఎండలో పని ఆపే గంటలు అయిపోయాయి నిజమే, కానీ జులైలో ఐదు గంటలకు చువ్వ పట్టుకుంటే ఎట్లా ఉంటుందో ఇక్కడ ఎవరికి చెప్పాలి? ఆరూ ఇరవైకి పడిపోయాడు.

ఆరూ ఇరవైకి నా స్కోరు షీటులో ఆశన్నకు పదకొండు పాయింట్లు.

ఆట ఆగిన ప్రతిసారీ అమీర్ జాన్ బల్ల దగ్గరికి వచ్చి అడిగాడు, "ఆశన్న వచ్చినాడా?" అని. "వస్తున్నాడు" అన్నాను. మూడో భాగంలో సైటు నుంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది: "ఆశన్న పడిపోయిండు, లేస్తలేడు." చదివాను. స్కోరు సమానంగా ఉంది. ఫోను బోర్లా పెట్టాను. మళ్లీ రాశాను. ఇది నేను ఇన్నేళ్లలో ఎవ్వరికీ చెప్పలేదు, అమీర్ జాన్‌కు కూడా. ఇప్పుడే వింటున్నాడు. అన్నా, నువ్వు నా వైపు చూడొద్దు, నేను పూర్తి చేయలేను.

ఆశన్నకు ముప్పై ఒకటి. గెలిచాం. ఎవరో తీసిన వీడియోను, "నంబర్ నైన్, ఆశన్నా!" అని హాలంతా అరుస్తున్న వీడియోను, నేనే జగిత్యాల వాళ్ల గ్రూపులో పెట్టాను. సైటు నుంచి బండి కదిలేసరికి ఎనిమిదిన్నర. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. ఊళ్లో ముందు వీడియో చేరింది, వెనక కబురు చేరింది.

కంపెనీ రాసిన కాగితం నేను చదివాను. 'సదరు ఆశన్న ఆ రోజు మధ్యాహ్నం నుంచి పనిలో లేడు. బాస్కెట్‌బాల్ పోటీలో పాల్గొని, ఆ శ్రమ వల్ల అనంతరం కుప్పకూలాడు.' సాక్ష్యాలు రెండు. హాజరు పుస్తకం, కింద సంతకం దయాకర్. స్కోరు షీటు, కింద సంతకం దయాకర్. ఆ తొమ్మిదో నంబరు ఎవరో నూర్ భాయ్‌కు తెలుసు, నాకు తెలుసు, జట్టుకు తెలుసు, మెస్సులో సగం మందికి తెలుసు. ఎవ్వరం నోరు తెరవలేదు.

పదమూడో రోజు ఆశన్న భార్య గౌరవ్వ నాకు ఫోను చేసింది. ఏడవలేదు.

"బిడ్డా, నువ్వేనా బంతాట కాడ రాసేటోనివి? గా వీడియో నేను మస్తు సార్లు జూసిన. మా ఆయన యాడ గూడ లేడు. గా పొడుగాయన ఎవలు బిడ్డా? మా ఆయన పేరు గాయినకెందుకు వెట్టిండ్రు?"

ఆమే మళ్లీ అందుకుంది.

"ఈడ మందంత ఏమంటుండ్రో ఎర్కేనా? దుబాయ్ వోయి బంతాటలాడి సచ్చిండట అంటుండ్రు. పెండ్లాం గింత కష్టపడుతుంటె ఆటలట అంటుండ్రు. మా ఆయన గడియ ఖాళీగ కూసునెటోడు గాదు బిడ్డా. పనిజేసుకుంటనే పోయిండని ఒక్క కాయితం రాసియ్యుండ్రి. నాకింకేం వద్దు."

మళ్లీ చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. నేను నంబరు మార్చాను.

కూర్చోండి నూర్ భాయ్! మైకు లాక్కుంటే నేను మైకు లేకుండానే అరుస్తాను, నా గొంతు మీకు తెలుసు. ముదీర్ గారికి ఎవరూ చెవిలో తర్జుమా చేయనక్కరలేదు, దిగాక హిందీలో నేనే చెబుతాను. మిమ్మల్ని ఒక్కరినే నిలబెట్టడానికి రాలేదు నేను. నేను నిలబడి ఉన్నాను కదా.

ఈ మూడేళ్లలో నేను చేసిందేమిటి? కరపత్రాలు చదివాను. కూలివాడి చెమట గురించి మీ ముందు ఊగిపోయాను. తాగే నీళ్ల కోసం ముదీర్ ఆఫీసు ముందు కూర్చున్నాను, ఆ నీళ్లు వచ్చాయి కూడా, చప్పట్లు కొట్టారు. ఆశన్న విషయం వచ్చేసరికి మాత్రం నా కోపమంతా తీసుకుపోయి అమీర్ జాన్ మీద పోశాను. ఆడింది నువ్వు, కాబట్టి చెప్పాల్సింది నువ్వు అన్నాను. ఇదే మెస్సులో, అందరి ముందు, "కంపెనీ మేపుతున్న పొట్టేలివి నువ్వు" అన్నాను. ఆయన అన్నం ముద్ద కిందపెట్టి, "నేను రాసిస్తా. బల్ల దగ్గర కూచున్నోడి సంతకం కూడా కావాలి గదబ్బా, నువ్వు పెడతావా?" అని అడిగాడు. నా సంగతి వేరు అన్నాను. నా వీసా అన్నాను, సమయం రావాలి అన్నాను. సమయం రావాలి అనే ముక్క మాత్రం నాకు ఏ కరపత్రమూ నేర్పలేదు, అది నా సొంతం.

ఈ పొద్దున ఆయన సూట్‌కేసు కట్టుకుని నా గదికి వచ్చాడు. టైపింగ్ సెంటరులో అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ కొట్టించిన కాగితం నా ఒళ్లో పెట్టాడు. ఆ రోజు ఆశన్న పేరుతో ఆడింది నేను, ఆశన్న హాలుకు రాలేదు, సైటులో ఉన్నాడు అని అందులో ఉంది. కింద అమీర్ జాన్ అని సంతకం. అది ఆఫీసుకు చేరితే ఆ రెండేళ్ల బిరుదులు లీగ్ కొట్టేస్తుంది. ఈ రెండు కప్పులూ వెనక్కి పోతాయి. నెల్లూరులో ఒక స్కూల్లో కోచ్ పని ఉందనీ, కంపెనీ మంచి ఉత్తరం ఇస్తే అది ఖాయమనీ మీ అందరికీ తెలుసు. ఆ ఉత్తరం ఈ సభలో ఇస్తారని చెప్పారు, ముదీర్ గారి కవరులో ఉంది. ఈ మాట విన్నాక అది కవరులోనే ఉండిపోతుంది. ఆయనకు ఇదంతా తెలుసు. ముప్పై ఆరేళ్లు, రెండు చెడిపోయిన మోకాళ్లు, బంతి తప్ప వేరే పని రాదు. తెలిసే పెట్టాడు.

"ఎందుకన్నా ఇప్పుడు?" అని అడిగాను.

"రేపు విమానం హైదరాబాదుకు. ముందు జగిత్యాల పోతా, తర్వాతే నెల్లూరు. ఆ పొడుగాయన ఎవరని ఆమె అడిగింది గదా. పోయి ఎదురుగా నిలబడతా. వట్టి చేతుల్తో నిలబడలేనబ్బా" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమబ్బా కరపత్రం, ఆడిందేమో నేను, రాసిందేమో నువ్వు. నా వంతు అయిపొయ్యింది" అన్నాడు.

మెస్సులో అందరూ అనుకున్నట్టుగా సంతకం పెట్టనివాడు అమీర్ జాన్ కాదు. ఈ రెండో ఖాళీ నాది.

ఆట తెలిసినవాళ్లకు ఒక పద్ధతి తెలుసు. ఆట అయ్యాక స్కోరరు చివరి అంకె కింద రెండు గీతలు గీసి సంతకం పెడతాడు. ఆ తర్వాత ఎవ్వరూ దిద్దకూడదు. ఇన్నాళ్లూ ఆ రెండు గీతల వెనక దాక్కున్నాను. నా దగ్గర ఆ రోజు షీటు నకలు ఉంది. ఇదిగో, అందరూ చూడండి, రువైస్ అన్నలూ మీరూ చూడండి. తొమ్మిదో నంబరుకు ఎదురుగా ఆశన్న అన్న పేరు కొట్టేస్తున్నాను. అమీర్ జాన్ అని రాస్తున్నాను. ముప్పై ఒకటీ అమీర్ జాన్‌వి. ఇకమీద ఎవరైనా ఆ మ్యాచ్ గురించి మాట్లాడితే ఆ పేరుతో మాట్లాడండి. బిరుదు పోవచ్చు, ఆడిన ఆట ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు కాగితం. పెన్ను ఎవరైనా ఇవ్వండి... ఏసుబాబూ, నీ చేయి తుడుచుకుని ఇవ్వు. (నవ్వులు) దయాకర్, టైంకీపర్. పడింది.

రేపు ఇది లేబర్ ఆఫీసుకు నేనే తీసుకుపోతాను. ఎల్లుండి గేటు దగ్గర మీ హాజరు రాసేది నేను కాకపోవచ్చు. అందుకే రాయాల్సిన చివరి పేరు ఇప్పుడే, మీ అందరి ముందు రాస్తాను. మూడేళ్ల కింద జులైలో రాయాల్సింది, ఇదిగో ఆ హాజరు పుస్తకం నకలు, పేజీ అదే, గడి అదే.

ఆశన్న. సైటు. హాజరు.

చప్పట్లు వద్దు. లేచి నిలబడండి, చాలు. అట్లా... గ్యాలరీలో ఆయన నిలబడ్డట్టు.

ఈ సభ పెట్టిన నూర్ భాయ్‌కు, ఓపికగా విన్న మీకు, దండ బరువు మోస్తూ నా తిట్లన్నీ మోసిన అమీర్ జాన్ అన్నకు నా కృతజ్ఞతలు. అన్నా, గౌరవ్వ ముందు నిలబడినప్పుడు నా పేరు కూడా చెప్పు, నంబరు మార్చింది వీడే అని చెప్పు. ఈ కాగితం నకలు నీ చేతికిస్తా, కొత్త నంబరు దాని వెనక రాస్తా, ఇచ్చి రా.

సెలవు.